రైలువారి జేబుగడియారము

అమెరికా దేశములో పాత వస్తువులు అమ్మే అంగళ్ళలో ఒక రకమైన జేబుగడియారము నేటికీ తరచు కనిపిస్తుంది. చూడటానికి దానిలో సొగసేమీ లేదు. తెల్లని ఎనామెలు డయలు, దానిమీద దట్టమైన నల్లని అంకెలు, లావుపాటి నల్లని ముళ్ళు రెండు, అడుగున సెకన్లకు ఒక చిన్న ముల్లు, అంతే. పైన మూత కూడా ఉండదు. వెనుక డొప్ప విప్పి చూస్తే మాత్రము సంగతి వేరు. నికెలు పలకలమీద పట్టునేతవలె మెరిసే సన్నని గీతల అలలు, బంగారపు కుదుళ్ళలో పొదిగిన కెంపులు, నీలిరంగు వచ్చేదాకా కాచిన ఉక్కు మరలు, వాటి నడుమ ఆగకుండా ఊగే ఒక చక్రము కనిపిస్తాయి. అందరూ చూసే వైపు ఇంత నిరాడంబరముగాను, ఎవరూ చూడని వైపు ఇంత అలంకారముగాను ఎందుకు చేసినారు? ముందు వైపు ఎట్లా ఉండాలో రైలు కంపెనీలు శాసించినవి. వెనుక వైపు గడియారముల కంపెనీ తన పనితనమును వర్తకునికి చూపించుకొన్నది.

ఇదే అమెరికా రైల్వే జేబుగడియారము. దీనిని సేకరించి, విప్పి, శుభ్రము చేసి, మళ్ళీ నడిపించే అభిరుచి గలవారు అక్కడ వేలమంది ఉన్నారు. 1943లో వారు ఒక జాతీయ సంఘమును స్థాపించుకొన్నారు. పెన్సిల్వేనియాలోని కొలంబియా అనే చిన్న పట్టణములో ఆ సంఘపు ప్రదర్శనశాల ఉన్నది. ఆ అభిరుచిని గురించి చెప్పాలంటే, అసలు ఒక జేబుగడియారమునకు రైళ్ళవారు అన్ని నిబంధనలు ఎందుకు పెట్టవలసి వచ్చినదో ముందు తెలుసుకోవాలి.

19వ శతాబ్దములో అమెరికా రైలు మార్గములు చాలావరకు సింగిల్ లైన్లు. ఒకే జత పట్టాలమీద తూర్పునకు పోయే బండీ, పడమరకు పోయే బండీ రావలసిందే. అవి ఒకదానిని ఒకటి తప్పుకొనే చోటు స్టేషనులోని లూపు లైను. ఏ బండి ఏ స్టేషనులో ఎన్ని గంటలకు లూపులోకి తప్పుకోవాలో టైముటేబిలు చెప్పేది. 1851 నుంచి టెలిగ్రాఫు ద్వారా ఉత్తరువులు పంపే పద్ధతి కూడా మొదలైనది గాని, ఆ ఉత్తరువులోనూ ఉండేది గంటలూ నిమిషములే. ఎదురుబండి ఎక్కడ ఉన్నదో డ్రైవరుకు కనిపించదు. తన గడియారము చూసుకొని, ఇంకా ఇన్ని నిమిషములు ఉన్నవి కాబట్టి తరువాతి స్టేషను వరకు పోవచ్చునని లెక్క వేసుకోవాలి. అవతలి డ్రైవరూ అదే పని చేస్తున్నాడు. రెండు గడియారములు ఒకటే మాట చెప్పినంతవరకు అందరూ క్షేమము.

మన దేశములోని పద్ధతితో పోల్చి చూస్తే తేడా స్పష్టమవుతుంది. ఇక్కడ సింగిల్ లైన్లమీద చాలాకాలము టోకెను పద్ధతి నడిచినది. రెండు స్టేషన్లలోని యంత్రములు తీగతో కలిపి ఉంటాయి. వాటినుంచి ఒకసారికి ఒక్క టోకెను మాత్రమే బయటికి వస్తుంది. అది చేతికి అందనిదే డ్రైవరు ఆ సెక్షనులోకి బండి తీసుకొని పోరాదు. గడియారము తప్పినా బండి ఆలస్యమవుతుందే తప్ప ఎదురుబండి వచ్చి ఢీకొనదు. అమెరికాలో వేల మైళ్ళ నిర్జన ప్రదేశముల గుండా తక్కువ ఖర్చుతో వేసిన దారులకు అంతటి ఏర్పాటు కుదరలేదు. ఆ బరువంతా మనిషి జేబులోని గడియారముమీద పడినది.

సరే, గడియారము సరిగ్గా నడిచినా అది ఏ ఊరి కాలము చూపాలి? సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ ఊరూరికీ మారుతుంది. రేఖాంశములో ఒక్క డిగ్రీకి నాలుగు నిమిషముల తేడా. ఆ రోజులలో ప్రతి ఊరికీ తన మధ్యాహ్నమే మధ్యాహ్నము. అందువల్ల ప్రతి రైలు కంపెనీ తన ప్రధాన స్టేషను కాలమును పట్టుకొనేది. 1849లో న్యూ ఇంగ్లండు ప్రాంతపు రైలు అధికారులు కూడి, బోస్టనులోని బాండ్ అనే గడియారములవారి లెక్క ప్రకారము అందరూ ఒకే కాలమును పాటించాలని నిర్ణయించినారు. అయినా 1853 ఆగస్టు 12న రోడ్ ఐలండులోని వాలీ ఫాల్సు వద్ద రెండు రైళ్ళు ఎదురెదురుగా ఢీకొని 14మంది మరణించినారు. ఒక బండి కండక్టరు నమ్ముకొన్న గడియారము వెనుకబడి ఉన్నది. రైలు ప్రమాద స్థలమును ఫోటో తీయుట అమెరికాలో అదే మొదలంటారు.

1883 నవంబరు 18న అమెరికా, కెనడా రైలు కంపెనీలన్నీ ఏకమై, అంతవరకు వాడుకలో ఉన్న సుమారు 50 రకముల రైల్వే కాలములను తీసివేసి, గంట గంట తేడాతో ఉండే కొద్ది మండలములను ఏర్పరచుకొన్నవి. ఇది ప్రభుత్వము చేసిన చట్టము కాదు. చట్టము 1918లో గాని రాలేదు. ఆ మాటకు వస్తే, మన దేశములోనూ రైళ్ళు చాలా ఏండ్లు మద్రాసు నక్షత్రశాల కాలమును పాటించినవి. బొంబాయికీ కలకత్తాకూ నడుమ ఉన్నందున అది ఉభయులకూ ఒప్పుదలైనది. 1906 జనవరి 1న మాత్రమే భారత ప్రామాణిక కాలము వచ్చినది.

ఇక, ఈ గడియారముల చరిత్రలో అందరూ చెప్పే కథ ఒకటి ఉన్నది. 1891 ఏప్రిలులో ఒహాయో రాష్ట్రములోని కిప్టను స్టేషను దగ్గర, లేక్ షోర్ అండ్ మిషిగన్ సదరన్ రైల్వేమీద, ఒక పాసింజరు బండి లూపులోకి తప్పుకొనే లోపలే వేగముగా వస్తున్న తపాలా బండి ఎదురుగా వచ్చి ఢీకొన్నది. ఇద్దరు డ్రైవర్లు, తపాలా పెట్టెలో ఉత్తరములు వేరుచేస్తున్న గుమాస్తాలు చనిపోయినారు. మృతులు ఎనిమిదిమందికి తక్కువ కాదు. పాసింజరు డ్రైవరు గడియారము నాలుగు నిమిషములు ఆగిపోయి, ఎవరూ గమనించకుండానే మళ్ళీ నడవసాగినదనీ, తనకు ఏడు నిమిషముల వ్యవధి ఉన్నదనుకొన్నవానికి నిజముగా ఉన్నవి మూడే ననీ ఆ కథ.

కథ చక్కగా ఉన్నది. దానిని పూర్తిగా నమ్మవచ్చునా అన్నది వేరే ప్రశ్న. ఆగిన గడియారము తిరిగి నడుచుట అసంభవము కాదు. దుమ్ము రేణువొకటి పళ్ళ మధ్య ఇరుక్కొని, బండి కుదుపుకు జారిపోతే చాలును. కాని ఆ గడియారము చూసుకొన్న మనిషి ప్రమాదములో పోయినాడు. పైగా, కండక్టరు తన జేబులో గడియారము ఉండి కూడా ఆ దారిలో దానిని చూసుకోలేదనీ, డ్రైవరే చూసుకుంటాడని ఊరుకొన్నాడనీ విచారణలో తేలినది. అంటే తప్పు యంత్రమునకు ఎంత ఉన్నదో, మనుష్యుల అలవాటుకు కూడా అంత ఉన్నది. నాలుగు నిమిషముల కథను తరువాతి కాలములో ఊరూరా వ్యాపింపజేసినవారిలో గడియారములు అమ్మేవారి పాత్ర తక్కువ కాదు. తప్పు గడియారముదని అంటే మంచి గడియారము అమ్ముడుపోతుంది. తప్పు అలవాటుదని అంటే అమ్ముకొనేందుకు ఏమీ ఉండదు.

ఏమైనను ఆ ప్రమాదము ఫలితము నిజమే. ఆ ఏడే రైలు కంపెనీ క్లీవ్‌లాండు నగరములోని వెబ్ సి. బాల్ అనే నగల, గడియారముల వర్తకుని పిలిచి తన ఉద్యోగుల గడియారములన్నిటినీ పరీక్షించే పని అప్పగించినది. బాల్ 1847లో పుట్టినవాడు. గడియారపు పనివాడుగా మొదలై వర్తకుడైనాడు. గడియారముల తనిఖీ అంతకుముందు కొన్ని కంపెనీలలో లేకపోలేదు. కాని ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరుగా ఉండేది. దానిని ఒక క్రమములో పెట్టి, దారి పొడుగునా స్థానిక తనిఖీదారులను నియమించి, అనేక కంపెనీలకు ఒకే పద్ధతిని అలవాటు చేసినది బాల్. తరువాత తన పేరు డయలుమీద వేయించిన గడియారములను అతడు అమ్మసాగినాడు. అవి అతడు చేసినవి కావు. హామిల్టను, వాల్తం వంటి కంపెనీలచేత చేయించినవి. పరీక్షించేవాడే అమ్మేవాడు కూడా అయితే ఇతర కంపెనీలకు కంటగింపుగా ఉండుటలో ఆశ్చర్యమేమున్నది? అయినప్పటికీ అతని పేరుగల గడియారము నాసిరకమని అన్నవారు లేరు. 1922లో అతడు మరణించేనాటికి రైలు గడియారము అంటే ఏమిటో దేశమంతటా ఒకటే అర్థము స్థిరపడినది.

ఆ అర్థమేమిటో కొంచెము వివరముగా చూద్దాము. 1893లో వచ్చిన నిబంధనలు, తరువాత ఇరవై ఏండ్లలో ఇంకా బిగిసినవి, కలిపి చూస్తే సారాంశము ఇది. గడియారము పైమూత లేనిదై ఉండాలి. పరిమాణము 18 గాని 16 గాని కావాలి. ఇది ఇంగ్లండులోని లాంకషైరునుంచి వచ్చిన కొలత. దాని ప్రకారము 18 అంటే యంత్రపు పలక వ్యాసము సుమారు 1.77 అంగుళములు, 16 అంటే 1.7 అంగుళములు. కీ ఇచ్చే పిడి 12 అంకె నెత్తిన ఉండాలి. రాళ్ళు 17కు తగ్గకూడదు. అంకెలు మామూలు అరబ్బీ అంకెలు. రోమను అంకెలు పనికిరావు. ఐదు భంగిమలలోను, వేడిలోను చలిలోను సరిచూసి ఉండాలి. వారమునకు 30 సెకన్లకు మించి ముందుకు గాని వెనుకకు గాని పోకూడదు.

ఇందులో ప్రతిదానికీ ఒక కారణము ఉన్నది. మూత ఉంటే బొగ్గు పార పట్టిన చేతితో దానిని తెరవాలి. పిడి 3 అంకె దగ్గర ఉంటే జేబులోనుంచి తీయగానే అంకెలు పక్కకు తిరిగి కనిపిస్తాయి. తొందరలో 3ని 12 అనుకొనవచ్చును. మామూలు గడియారములో పిడిని పైకి లాగి తిప్పితే ముళ్ళు తిరుగుతాయి. జేబులోనుంచి తీసేటప్పుడు పిడి పొరపాటున పైకి వస్తే? కీ ఇస్తున్నాననుకొని ముళ్ళను జరిపివేస్తే? అందుకని రైలు గడియారములో ముళ్ళు జరపాలంటే ముందు అద్దపు చుట్టును మరవలె తిప్పి ఊడదీయాలి. డయలు అంచున దాగి ఉన్న సన్నని మీటను గోటితో బయటికి లాగాలి. అప్పుడు గాని పిడి ముళ్ళను కదపదు. తెలిసి చేస్తే తప్ప తెలియక జరగని పని. ఇంత చిన్న మీటలో ఎంత ఆలోచన ఉన్నదో గమనించండి.

ఐదు భంగిమలు అనే నియమము యంత్రమునకు సంబంధించినది. గడియారములో కాలమును కొలిచేది ఒక చక్రము. దానిని తులాచక్రము అందాము. వెంట్రుకవంటి స్ప్రింగు ఒకటి దానిని అటూ ఇటూ ఊపుతుంది. గడియారము బల్లమీద వెల్లకిలా పెట్టినప్పుడు ఆ చక్రపు ఇరుసు సూదిమొన మీద బొంగరములాగా నిలిచి తిరుగుతుంది. జేబులో నిలువుగా ఉన్నప్పుడు అదే ఇరుసు పక్కవాటుగా రాతిమీద ఒరుసుకొంటుంది. రాపిడి ఎక్కువై ఊపు తగ్గుతుంది. పైగా చక్రములో ఒక వైపు ఆవగింజలో నూరోవంతు బరువు ఎక్కువున్నా నిలువు భంగిమలో అది తేడా చూపుతుంది. అందుచేత డయలు పైకి, డయలు కిందికి, పిడి పైకి, పిడి ఎడమకు, పిడి కుడికి, ఇట్లా ఐదు తీరులలో రోజుల తరబడి పెట్టి చూసి, చక్రము చుట్టూ ఉన్న బుల్లి మరలను సరిచేస్తూ, స్ప్రింగు వంపును మలుస్తూ ఐదింటిలోనూ ఇంచుమించు ఒకే నడక వచ్చేవరకు పనిచేసేవారు. పిడి కిందికి ఉండే ఆరవ భంగిమను సాధారణముగా వదిలివేసేవారు. జేబులో ఎవరూ తలకిందులుగా పెట్టుకోరు కదా!

వేడి సంగతి ఇంకా చిత్రము. ఉక్కు స్ప్రింగు వేడికి మెత్తబడుతుంది. సెంటిగ్రేడులో ఒక్క డిగ్రీ పెరిగితే రోజుకు సుమారు పది సెకన్లు గడియారము వెనుకబడుతుంది. బాయిలరు ముందు నిలబడేవాని జేబులోని గడియారమునకు ఇది ఎంత నష్టమో చెప్పనక్కరలేదు. దీనికి విరుగుడుగా తులాచక్రపు అంచును రెండు లోహములతో చేసినారు. లోపల ఉక్కు, వెలుపల ఇత్తడి. రెండు చోట్ల అంచును తెగగోసి వదిలిపెట్టినారు. వేడికి ఇత్తడి ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి ఆ తెగిన కొనలు లోపలికి ముడుచుకొంటాయి. బరువు కేంద్రమునకు దగ్గరై చక్రము త్వరగా ఊగుతుంది. స్ప్రింగు చేసిన ఆలస్యమును చక్రము పూడ్చుతుంది. 34 నుంచి 100 డిగ్రీల ఫారెన్‌హీటు వరకు, అంటే సుమారు 1 నుంచి 38 సెంటిగ్రేడు వరకు, ఈ పూడిక సరిపోవాలని నియమము. తరువాత షార్ల్ ఎడ్వార్ గిల్యోం అనే స్విస్ శాస్త్రజ్ఞుడు నికెలు కలిపిన ఉక్కులను పరిశోధించి, వేడికి మెత్తబడని ఎలిన్వార్ అనే మిశ్రమలోహమును కనిపెట్టినాడు. 1920లో అతనికి భౌతికశాస్త్రములో నోబెల్ బహుమతి వచ్చినది. 1930ల నుంచి హామిల్టను కంపెనీ ఆ లోహపు స్ప్రింగులను రైలు గడియారములలో వాడినది.

వారమునకు 30 సెకన్లు అంటే ఎంత? ఈ గడియారము సెకనుకు ఐదుసార్లు టిక్కుమంటుంది. గంటకు 18,000. వారమునకు 30,24,000. అందులో 150 మాత్రమే తప్పవచ్చును. అంటే 20,000కు ఒకటి. ఇది చలిలో, ఎండలో, ఇంజను కుదుపులో, మనిషి పరుగులో. గంటకు 60 మైళ్ళు పోయే బండి 30 సెకన్లలో అర మైలు పోతుందని గుర్తుంచుకొంటే ఈ లెక్కకు అర్థము తెలుస్తుంది.

ఇట్టి యంత్రమును చేతిపనితో తయారుచేయుట యూరపులో అంతకుముందే ఉన్నది. దానిని మరలమీద వేలకొలది తయారుచేసి, రైలు కూలివాడు కొనగలిగే ధరకు తెచ్చినది అమెరికా. ఆరన్ డెనిసన్ అనే గడియారముల పనివాడు, ప్రభుత్వ ఆయుధశాలలో తుపాకులకు మార్చి వేసుకోదగిన భాగములు చేస్తున్నట్లు గడియారములకు ఎందుకు చేయరాదని ఆలోచించి, 1850లో బోస్టను సమీపములో ఎడ్వర్డ్ హోవర్డు మొదలగువారితో కలసి ఫ్యాక్టరీ పెట్టినాడు. 1854లో అది వాల్తం పట్టణమునకు మారినది. 1857లో దివాలా తీసి చేతులు మారినది గాని పద్ధతి నిలిచినది. 1864లో చికాగో దగ్గర ఎల్జిన్ కంపెనీ పుట్టినది. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో తమంతట తామే మరలు కోసే వాల్తం యంత్రములను చూసి స్విట్జర్లండు ప్రతినిధులు ఇంటికి పోయి ప్రమాద ఘంటిక మోగించినారు. 1892లో పెన్సిల్వేనియాలోని లాంకాస్టరులో స్థాపించిన హామిల్టను కంపెనీ ఆలస్యముగా వచ్చినా, దాని 992 రకము గడియారమే రైలువారికి అందరికంటె ప్రీతిపాత్రమైనదని చెప్పవచ్చును.

ఈ గడియారమును కంపెనీ ఉచితముగా ఇచ్చేది కాదు. ఉద్యోగి తన డబ్బుతో కొనుక్కోవలసిందే. చాలామంది వాయిదాలమీద జీతములోనుంచి కట్టేవారు. రెండు వారములకు ఒకసారి తనిఖీదారుని దగ్గరకు పోయి సరిచూపించుకొని, ఎన్ని సెకన్లు ముందున్నదో వెనుకున్నదో ఒక చీటీమీద రాయించుకోవాలి. బాగుచేయుటకు ఇచ్చినప్పుడు బదులు గడియారము ఇచ్చేవారు. చీటీ లేనివాడు బండి ఎక్కరాదు. మనిషి ఉద్యోగము తన సొంత సొత్తు అయిన ఒక యంత్రపు ఆరోగ్యముమీద ఆధారపడి ఉండుట విడ్డూరముగా తోచవచ్చును. ఈ గడియారములు వంద ఏండ్ల తరువాత కూడా నడిచే స్థితిలో దొరుకుటకు కారణము అదే. తన సొత్తు కాబట్టి వాడు దానిని కంటికి రెప్పలా చూసుకొన్నాడు.

ఇక నేటి అభిరుచిగలవారి పని. పాత గడియారము చేతికి రాగానే చాలామంది మొదట చేసే తప్పు కీ ఇచ్చి చూడటము. లోపలి నూనె ఎండి బంకయై ఉంటుంది. దానిలో దుమ్ము కలసి సాన పట్టే పిండివలె తయారవుతుంది. ఆ స్థితిలో నడిపితే ఇరుసులు అరిగిపోతాయి. అనుభవముగలవాడు ముందు వెనుక డొప్ప తెరిచి, భూతద్దముతో చూసి, యంత్రముమీద చెక్కిన సంఖ్యను రాసుకొంటాడు. పెద్ద కంపెనీలు చేసిన ప్రతి యంత్రమునకూ ఒక సంఖ్య ఉన్నది. ఆ సంఖ్యల పట్టికలు మిగిలి ఉన్నవి కాబట్టి గడియారము పుట్టిన సంవత్సరము ఇంచుమించుగా తెలుస్తుంది.

విప్పేటప్పుడు మొదటి పని ముఖ్య స్ప్రింగులో ఉన్న బిగువును మెల్లగా వదలుట. పిడిని వేళ్ళ మధ్య పట్టుకొని, వెనుకకు తిరగకుండా ఆపే కొక్కెమును పుల్లతో పక్కకు తీసి, కొంచెము కొంచెముగా జారనివ్వాలి. ఇది మరచి పలకలు విప్పినవాని చేతిలో చక్రములన్నీ ఒక్కసారిగా గిర్రున తిరిగి పళ్ళూ ఇరుసులూ విరుగుతాయి. తరువాత తులాచక్రమును దాని స్ప్రింగుతో సహా ఎత్తి పక్కన భద్రముగా పెట్టాలి. చక్రములు, పలకలు శుద్ధిద్రవములో కడిగి, రాళ్ళ రంధ్రములను సన్నగా చెక్కిన మెత్తని కర్రపుల్లతో, పుల్ల తెల్లగా బయటికి వచ్చేవరకు తుడవాలి. తిరిగి కూర్చేటప్పుడు నూనె వేయుటలో పనివాని నేర్పు తెలుస్తుంది. సూదిమొన అంత బొట్టు చాలును. ఎక్కువ వేస్తే అది పక్కకు పాకిపోయి, కావలసిన చోట మాత్రము పొడిగా మిగులుతుంది. నూనె అంటకూడని చోట్లు కూడా ఉన్నవి. వెంట్రుక స్ప్రింగుకు ఇసుమంత నూనె తగిలితే చుట్లు ఒకదానికొకటి అతుక్కొని గడియారము గంటలకు గంటలు ముందుకు పరుగెత్తుతుంది.

అన్నిటికంటె తరచుగా కనిపించే దెబ్బ తులాచక్రపు ఇరుసు విరుగుట. దాని కొన మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే ఉంటుంది. గడియారము ఒక్కసారి నేలమీద పడితే చాలును. ఇక్కడే డెనిసన్ ఆలోచన ఫలము అనుభవానికి వస్తుంది. అదే రకపు మరొక గడియారములోని ఇరుసు, లేదా పాత దుకాణపు అరలో మిగిలిన ఇరుసు దీనికి సరిపోతుంది. తొలినాటి గడియారములలో భాగములు అంత ఖచ్చితముగా ఒకదానికొకటి సరిపోవు. ఆనాడు ఏరికూర్చి బిగించినారు. అట్టివాటికి చిన్న లేతుమీద కొత్త ఇరుసును తరిగి చేయవలసిందే. ముఖ్య స్ప్రింగు సంగతి తేలిక. పాత నీలి ఉక్కు స్ప్రింగు దశాబ్దాలుగా చుట్టుకొని ఉండి తన బలము మరచిపోతుంది. దాని బదులు తుప్పుపట్టని మిశ్రమలోహపు స్ప్రింగు వేస్తారు.

అంతా కూర్చిన తరువాత నడకను పరీక్షించాలి. వెనుకటి పనివాడు ఒక్కొక్క భంగిమకు రోజుల తరబడి కాచుకొనేవాడు. నేడు మైక్రోఫోను గల చిన్న యంత్రముమీద పెడితే, టిక్కుల నడుమ కాలమును కొలిచి, రోజుకు ఎన్ని సెకన్ల తేడానో కొద్ది నిమిషములలో చెబుతుంది. బాగా పనిచేయించిన 992 ఒకటి ఆనాటి 30 సెకన్ల హద్దుకు దగ్గరగా నేటికీ నడుచుట అరుదు కాదు.

నడిపించుట ఒక ఎత్తు, ఎంతవరకు బాగుచేయాలన్నది మరొక ఎత్తు. ఈ విషయములో సేకర్తలు ఏకాభిప్రాయముతో లేరు. ఎనామెలు డయలుమీద వెంట్రుకవంటి చీలిక ఉన్నదనుకోండి. దానిలోని మురికి కడిగి అట్లాగే ఉంచవచ్చును. కొత్త డయలు తెచ్చి వేయవచ్చును. కేసుమీద గీతలు పడినవనుకోండి. మెరుగు పెడితే గీతలతోపాటు చెక్కడపు పని కూడా అరిగిపోతుంది. బంగారు రేకు పలుచబడి కిందనుంచి ఇత్తడి తొంగిచూస్తుంది. ఇరుసు మార్చుట, స్ప్రింగు మార్చుట ఆనాడూ చేసినవే కాబట్టి అవి గడియారపు జీవితములో భాగమే. ముఖము మార్చుట అట్టిది కాదు. చీలిన డయలును అట్లాగే ఉంచినవాని పక్షమే నాకు సబబుగా తోస్తుంది.

కేసు విషయములో ఇంకొక చిక్కు ఉన్నది. అమెరికాలో యంత్రమును ఒక కంపెనీ, కేసును మరొక కంపెనీ చేసి విడివిడిగా అమ్మేవి. కొనేవాడు యంత్రమును ఒకటి, కేసును ఒకటి ఏరుకొంటే వర్తకుడు బిగించి ఇచ్చేవాడు. కాబట్టి ఇది అసలు కేసా, తరువాత మార్చినదా అని తెలుసుకొనుట కష్టము. ఒక గుర్తు మాత్రము నమ్మదగినది. యంత్రమును కేసులో పట్టి ఉంచే మరలు బిగించినప్పుడు కేసు లోపలి అంచుమీద చిన్న నొక్కు పడుతుంది. ఆ నొక్కు ఒక్క జత ఉంటే మంచిది. మరొక చోట ఇంకొక జత కనిపిస్తే ఈ కేసులో మునుపు వేరొక యంత్రము కాపురము చేసినదన్నమాట. మేలిమి బంగారు కేసులు ఎన్నో బంగారము ధర పెరిగినప్పుడల్లా, ముఖ్యముగా 1980 ప్రాంతములో, మూసలోకి పోయినవి. వాటి యంత్రములు దిక్కులేక పొట్లములలో కట్టి అమ్ముడుపోయినవి. రైలు కార్మికులు ఎక్కువగా బంగారు రేకు కేసులు, నికెలు కేసులు వాడినందువల్ల వారి గడియారములకు ఆ గండము కొంత తప్పినది.

కొత్తగా కొనేవారు మోసపోయేది ఇంజను బొమ్మ దగ్గర. కేసు వెనుక పొగ కక్కుతున్న ఇంజనును చెక్కి, డయలుమీద రైలు అనే మాట రాసి, లోపల నాసి యంత్రము పెట్టి ఆ రోజులలోనే విదేశములనుంచి తెచ్చి అమ్మినారు. నిజముగా ఇంజను నడిపేవానికి బొమ్మతో పని లేదు. బొమ్మను కాదు, రాళ్ళ లెక్కను, మీటను, భంగిమల సంఖ్యను చూడాలి. రాళ్ళ లెక్క, భంగిమల సంఖ్య తరచు యంత్రపు పలకమీదనే చెక్కి ఉంటాయి.

1927లో ఒహాయోలోనే, ఒక్కచోట కూర్చొని దారి పొడుగునా సిగ్నళ్ళను, పట్టాల మలుపులను నడిపే కేంద్ర నియంత్రణ పద్ధతి మొదలైనది. తరువాత రేడియో వచ్చినది. గడియారముమీది బరువు మెల్లగా దిగిపోయినది. 1930లో ఒహాయోలోని డ్యూబర్-హాంప్డెన్ కంపెనీ యంత్రసామగ్రి యావత్తు సోవియట్ ప్రభుత్వము కొన్నది. వాటితో మాస్కోలో మొదటి గడియారముల ఫ్యాక్టరీ వెలసినది. నేర్పుటకు సుమారు ఇరవైమంది అమెరికను పనివారు కూడా వెంట పోయినారు. వాల్తం 1957లో గడియారముల తయారీ ఆపినది. 1960లో వచ్చిన అక్యుట్రాన్ అనే విద్యుత్ చేతిగడియారమును రైలు కంపెనీలు క్రమముగా ఒప్పుకొన్నవి. 1969లో హామిల్టను 992బి తయారీ నిలిచిపోయినది.

రైలు గడియారపు వెనుక డొప్పను వెలుతురుకు వాలుగా పట్టి చూస్తే, లోపలి వైపున సూదితో గీసిన బుల్లి అక్షరములు, అంకెలు కనిపిస్తాయి. బాగుచేసిన ప్రతి పనివాడు తన గుర్తు, తేదీ అట్లా గీసి పెట్టేవాడు. మళ్ళీ అదే గడియారము వస్తే తన పని తెలుసుకొనేందుకు. కొన్నింటిలో పది, పదిహేను గీతలు ఉంటాయి. నేటి సేకర్తలు ఆ పక్కన ఇంకొక గీత గీయరు. చేసిన పని, తేదీ, వేసిన స్ప్రింగు కొలత ఒక కాగితముమీద రాసి గడియారముతోపాటు పెట్టెలో ఉంచుతారు.